వాల్‌పేపర్ వెనక గోడ

విజయనగరం నుంచి ఒక తల్లి రాశారు. నోటు పుస్తకం కాగితాలు నాలుగు, రెండు వైపులా. పేరు వద్దన్నారు, వేయడం లేదు. ఇంటి గుర్తులు కొన్ని తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

కోటకి దగ్గర్లో మామగారు కట్టిన పాత ఇల్లు వాళ్లది. ఇటుక గోడలు, సున్నం గార. 2017లో కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో వెనక గదికి వాల్‌పేపర్ కొని తెచ్చి, ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని రెండు రోజులు కష్టపడి తనే అంటించాడు. బూడిద రంగు రాళ్లు పేర్చినట్టుండే డిజైను. "అప్పటికే ఆ గోడ మీద మరకలుండేవి. అవి కనబడకుండా పోయాయని అందరం సంబరపడ్డాం" అని రాశారామె. ఇప్పుడు ఆ పేపరు అంచులు లేచిపోయాయి. తలుపు తీస్తే ముక్కిన వాసన.

అమ్మాయికి డిసెంబరులో నెలలు నిండుతాయి. తొలి కాన్పు, పుట్టింటికే వస్తుంది. పైడితల్లమ్మ సిరిమాను పండగ నాటికి తీసుకొద్దామనుకున్నారు. ఆ గదే ఆమెకివ్వాలని తల్లి కోరిక, ఎందుకంటే గోడకి అవతలే బాత్రూం. "మా వారు దగ్గరుండి కట్టించిన బాత్రూం" అట. ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోతుంటే ఈవిడ మంచం పక్కకి జరిపి, పేపరు మూల పట్టుకుని లాగారు. "జానెడు వస్తుందనుకుంటే చేటంత ఊడొచ్చింది. పైన సున్నం పెచ్చు కూడా దాంతో పాటే వచ్చేసింది. కింద మోకాలి ఎత్తు వరకు నల్లటి బూజు, తెల్లగా ఉప్పు. దాని వెనక ఎప్పటిదో ఆకుపచ్చ ఆయిల్ పెయింటు, బుడగలు కట్టి ఉంది. భయమేసి మంచం మళ్లీ గోడకి జరిపేశాను."

ఇక తలో మాట. భర్త, "ఏటైపోద్దిప్పుడు, దాని మీదే రంగు కొట్టించేద్దాం" అంటారు. పెయింటరు కూడా అంతే: "రెండు పూతలు పడితే ఏటీ కనబడదు బాబూ." అత్తగారు కడుపుతో ఉన్న పిల్ల ఉండే ఇంట్లో గోడలు గీకకూడదంటారు. తోడికోడలు ఆ సున్నం గార అంతా కొట్టించి సిమెంటు ప్లాస్టరింగు చేయించమంటుంది. కొడుకు వీడియో కాల్ చేసినప్పుడల్లా ఈవిడ ఫోను కిటికీ వైపు తిప్పి పెట్టి మాట్లాడుతున్నారు, గోడ కనబడకుండా. "వాడి మనసు కష్టపెట్టకుండా, ఈయనతో మాట పడకుండా, సిరిమాను లోపల ఈ గోడ సంగతి ఎలా తేల్చాలి?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకున్నాను. "అప్పటికే మరకలుండేవి" అన్నది. అంటే చెమ్మ 2017కి ముందు నుంచే ఉంది. మీ అబ్బాయి పేపరు వల్ల గోడ పాడవలేదు. పాడవుతున్న గోడకి పేపరు అడ్డం పెట్టారు, అందరూ కలిసి. ఇది ముందే తేల్చుకోండి, ఎందుకంటే మీ టెన్షన్‌లో సగం వాడి పనిని తప్పు పట్టినట్టవుతుందేమోనన్నదే.

చెమ్మ ఎక్కడిదో తెలియకుండా రంగు మాట ఎత్తడం దండగ. పై కప్పు దగ్గర మొదలై కిందికి దిగే మరక అయితే శ్లాబునో పిట్టగోడనో అనుమానించాలి. ఇల్లంతా అన్ని గోడలకీ అడుగున ఒకే ఎత్తులో ఉంటే నేలలోంచి ఎగబాకే చెమ్మ. మీరు రాసింది ఆ ఒక్క గోడ, మోకాలి ఎత్తు, అవతల బాత్రూం. నాకు బాత్రూం మీదే అనుమానం. టైల్స్ మధ్య సందుల్లోంచో, గోడలో పోయిన గొట్టం అతుకులోంచో నీళ్లు ఊరుతుండొచ్చు. కనుక్కోవడానికి ఖర్చేమీ లేదు. రాత్రి పడుకునే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టుకుని కుళాయిలన్నీ కట్టేయండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో గొట్టం కారుతోందని అర్థం. తగ్గకపోతే ఒక వారం ఆ బాత్రూంలో స్నానాలు మానేసి చూడండి. గోడ తేడా చూపిస్తే టైల్స్ సందులు పట్టించాలి. ఆ పనికి మేస్త్రికి ఒక పూట చాలు.

ఇక మీ వారి మాట. పేపరు మీదే రంగు వేయడం కుదరని పనేమీ కాదు. పొడి గోడ మీద, గట్టిగా అంటుకుని ఉన్న కాగితం పేపరు అయితే కొన్నాళ్లు నిలుస్తుంది కూడా. ఒక చుక్క నీళ్లు పేపరు మీద వేసి చూడండి. పీల్చుకుంటే కాగితం. ఆకు మీద నీటిబొట్టులా నిలబడితే వినైల్, అంటే పైన ప్లాస్టిక్ పొర ఉన్న రకం. వినైల్‌కి రంగు సరిగ్గా పట్టదు, గోడలో చెమ్మని బయటికి పోనివ్వదు. లోపల జిగురు, తడి, చీకటి. బూజుకి ఇంతకంటే మంచి తిండి, చోటు ఎక్కడ దొరుకుతాయి? పైగా ఎమల్షన్, అంటే గోడలకి వేసే మామూలు రంగులో ఉండేదీ నీళ్లే కాబట్టి లేచిన అంచుల దగ్గర పాత జిగురు నాని ఇంకాస్త ఊడుతుంది. ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. శ్రీకాకుళంలో మా ఇంట్లో 2018 తిత్లీ తుపాను తర్వాత దేవుడి గది గోడ చెమ్మగిల్లింది. వాల్‌పేపర్ బోర్డరు తీయడానికి బద్ధకించి దాని మీదే క్రీమ్ కలర్ వేయించాను. సంక్రాంతికి అప్పడాల్లా పొంగింది. చుట్టాలు దేవుడికి దణ్ణం పెట్టి, తలెత్తి గోడ వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఎవరైనా ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

మీ తోడికోడలు చెప్పిన దారి పెద్దది. సున్నం గార గోడకి సిమెంటు ప్లాస్టరింగు కొత్తలో ఇనుములా కనబడుతుంది గానీ, సున్నం వదిలినట్టు సిమెంటు చెమ్మని వదలదు. మోకాలి ఎత్తున ఉన్నది నడుము ఎత్తుకి ఎక్కే ప్రమాదం ఉంది. క్యూరింగుకి రోజూ తడపాలి, తర్వాత నెల రోజుల పాటు రంగు ముట్టకూడదు. కాన్పు ముందు ఇంట్లో ఆ పని పెట్టుకోవడం నేనైతే వద్దంటాను. గార బాగా గుల్లయిపోయిన చోట, వేలితో కొడితే డొల్ల మోత వచ్చే చోట మాత్రం ఊడగొట్టి, సున్నంతోనే మాటు వేయించుకోవచ్చు. సున్నం పని తెలిసిన పాత మేస్త్రిలు మీ ఊళ్లో ఉంటారు, వెతకాలి.

మిగిలినవి రెండు దారులు.

ఒకటి, సిరిమాను లోపల పేపరు తీయించి, లప్పం (పుట్టీ) పెట్టించి, రంగు కూడా పూర్తి చేయించడం. మీ మనసు దీని మీదే ఉందని తెలుస్తూనే ఉంది. ఆ గది కళకళలాడుతుంటే అమ్మాయి గుమ్మంలో అడుగు పెట్టాలి, అంతే కదా. కానీ రోజులు చూసుకోండి. సిరిమాను దసరా వెళ్లిన మంగళవారం. అంతవరకూ మన వైపు వానలే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఇన్నేళ్లుగా నీళ్లు తాగిన గోడ ఈ గాలిలో నాలుగు వారాల్లో ఆరదు. పెయింటరు ఆగడు, అతనికి పండగ ముందు ఇంకో పది ఇళ్లుంటాయి. తడి గోడకి లప్పం పెట్టేస్తాడు. పండగ నాటికి గది మెరుస్తుంది, నిజమే. అమ్మాయి పురిటి మంచం మీద ఉన్నప్పుడు అడుగు నుంచి పెచ్చులు లేవడం మొదలవుతుంది. అప్పుడు పసిబిడ్డ ఉన్న గదిలో ఏం చేస్తారు?

రెండోది, ఇప్పుడు పేపరు మాత్రం తీసి, గోడ కడిగి, బాత్రూం బాగు చేయించి, గోడని ఆరనివ్వడం. రంగు తర్వాత. అమ్మాయికి ముందు గదో మధ్య గదో ఇవ్వాలి. బాత్రూంకి నాలుగు అడుగులు ఎక్కువ నడవాలి, రాత్రిళ్లు దారిలో లైటు వేసి ఉంచాలి. వెనక గది చూడ్డానికి బోసిగా, గోడ మచ్చలతో ఉంటుంది. పండక్కి వచ్చిన చుట్టాలు చూస్తారు. మరీ చూడలేనట్టుంటే ఒక పూత వెల్ల వేయించండి. సున్నం చెమ్మని బయటికి పోనిస్తుంది, ఘాటు వాసన ఉండదు, ఖర్చూ తక్కువ. దీనికీ ఒక చిక్కుంది. రేపు లప్పం పెట్టేటప్పుడు ఆ వెల్ల మళ్లీ గీకాలి, లేకపోతే లప్పం సున్నంతో పాటు ఊడొస్తుంది. అమ్మాయి బిడ్డనెత్తుకుని అత్తారింటికి వెళ్లాక, ఎండలు ముదిరే ముందు, మాఘ ఫాల్గుణాల్లో రంగు పెట్టుకుంటే గోడకీ పెయింటరుకీ మంచి కాలం.

ఏమీ ముట్టకుండా గదికి తాళం వేయడం కూడా ఒక దారే అనుకోండి. కానీ చేటంత చోట బూజు బయటపడిపోయింది, ఆ గోడ అవతలి బాత్రూంకి రోజూ అమ్మాయి వెళ్తుంది. నాకైతే రెండోది నచ్చింది. ఇంట్లో మీకు దొరికే సాయాన్ని బట్టి మీరే తేల్చుకోండి. ఏ దారైనా, గీకే పని అమ్మాయి రావడానికి రెండు వారాల ముందే అయిపోవాలి. ఇక్కడ మీ అత్తగారి మాట పట్టుకోండి, మీకు అండగా ఉంటుంది. ఆవిడ ఏ కారణంతో అన్నారో గానీ, ఆ ఆకుపచ్చ ఆయిల్ పెయింటు విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉండేది. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ గోడది అంతకు చాలా ముందుది. దాన్ని పొడిగా రుద్దితే లేచే దుమ్ము కడుపులో బిడ్డకి మంచిది కాదు, రేపు పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే బిడ్డకి అసలే కాదు. ఆయిల్ పెయింటుని పొడిగా రుద్దొద్దని, తడి చేసి వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దమని పెయింటరుకి ముందే చెప్పండి. "దుమ్ము రేగకపోతే పనెలా అవుద్దమ్మా" అంటాడు. అయినా చెప్పండి.

పేపరు తీసే పని మీరే చేసేలా ఉన్నారు, ఉత్తరం చూస్తే తెలుస్తోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ కట్టేయండి, తడి గోడ మీద స్విచ్ బోర్డుతో ఆటలొద్దు. మంచం, బీరువా బయట పెట్టి, నేల మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత చీరలు పరవండి. కిటికీలు తీసి, వంటింటి వైపు తలుపు వేసేయండి. ముక్కుకి మంచి మాస్కు, చేతులకి గ్లౌజులు. బూజు ఉన్నచోట గీకే ముందే నీళ్లు చిలకరించండి, గాల్లోకి లేవదు.

మొన్నటిలా మూల పట్టుకుని గుంజొద్దు. పేపరు పై పొరని గోడకి ఆనించినట్టు, దాదాపు దాని మీదకే మడిచి, నెమ్మదిగా లాగాలి. ఎదురుగా లాగితే సున్నాన్ని తీసుకొస్తుంది, మీకు అనుభవమే. వినైల్ పొర పొడిగానే ఊడుతుంది, వెనక పల్చని కాగితం గోడకే ఉండిపోతుంది. నాలుగు మగ్గుల గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలిపి, మొక్కలకి కొట్టే స్ప్రేతో మూడడుగుల మేర తడపండి. పది, పదిహేను నిమిషాలు ఆగండి. ఆగడమే కష్టం, చెయ్యి ఊరుకోదు. కాగితం రంగు ముదిరి మెత్తబడ్డాక వెడల్పాటి గీకుడు పట్టీని గోడకి ఏటవాలుగా పెట్టి తోస్తే చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. రాకపోతే ఇంకో విడత తడపండి గానీ పట్టీ నిలువుగా పెట్టి గుచ్చొద్దు. పై భాగం సున్నం గోడ కాబట్టి బకెట్లతో కొట్టకుండా తడి గుడ్డంత తడితో సరిపెట్టండి, గార నానిపోతుంది.

కాగితం పోయాక పని అయిపోయిందనిపిస్తుంది. కాలేదు. జిగురు అలాగే ఉంటుంది, ఆరితే కంటికి కనబడదు. తడి చేత్తో గోడ నిమిరి చూడండి. బెండకాయ ముక్క పట్టుకున్నట్టు జారితే జిగురుంది. గోరువెచ్చని నీళ్లతో స్పాంజి పెట్టి, నీళ్లు మారుస్తూ, జారుడు పోయేవరకు తుడవాలి. ఇది వదిలేస్తే దీని మీద వేసిన ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు పెడుతుంది. చాలా ఇళ్లలో రంగు పాడయ్యేది ఇక్కడే, నింద మాత్రం రంగు డబ్బా మీద పడుతుంది. ఉప్పు తేలినచోట మాత్రం నీళ్లు వద్దు, ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారేయండి. బూజు పోవడానికి బ్లీచింగ్ వాడితే దాంతో బాత్రూం యాసిడ్ గానీ వెనిగర్ గానీ ఎట్టి పరిస్థితిలో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

రంగు నాటి సంగతి ఇప్పుడు ఎక్కువ చెప్పను. మీ గది పన్నెండు బై పది, పదడుగుల ఎత్తని రాశారు. నాలుగు గోడలూ 440 చదరపు అడుగులు, తలుపూ కిటికీలూ పోగా 380 అనుకుందాం. రెండు పూతల లప్పానికి 40 కిలోల బస్తా ఒకటి చాలాలి, గోడ బాగా ఎగుడుదిగుడైతే రెండోది విప్పాలి. ముందే మూడు బస్తాలు తెమ్మంటే ఎందుకని అడగండి. నున్నటి ఆయిల్ పెయింటు మీద లప్పం నిలవదు, మెరుపు పోయేదాకా తడి రుద్దుడు తప్పదు. ఎక్రిలిక్ పుట్టీ అయితే కింద ప్రైమర్ ఉండాలి. సిమెంటు పుట్టీ అయితే గోడ కాస్త తడిపి పెడతారు. ఏదైనా మందంగా ఒకేసారి పట్టించకుండా పల్చగా రెండుసార్లు పెట్టించండి.

ఇక మనుషులు. మీ వారు దగ్గరుండి కట్టించిన బాత్రూం కారుతోందని మీరే వెళ్లి చెబితే, గోడ సంగతి పోయి బాత్రూం సంగతి మొదలవుతుంది. ట్యాంకు మట్టం గుర్తు పెట్టే పని ఆయనకే అప్పజెప్పండి. రాత్రి ఆయనే గీత గీస్తారు, పొద్దున్న ఆయనే చూస్తారు. తగ్గితే ప్లంబరుని ఆయనే పిలుస్తారు. తగ్గకపోతే నా అనుమానం తప్పనుకుని నన్ను నాలుగు మాటలంటారు, ఫరవాలేదు.

అబ్బాయికి మీరే చెప్పండి, రంగు పడ్డాక కాదు, పేపరు తీయకముందు. ఫోను కిటికీ వైపు తిప్పడం మానేసి, మంచం జరిపి ఆ గోడే చూపించండి. వాడు చిన్నబుచ్చుకోవచ్చు, ఒక రోజు ఫోను చేయకపోవచ్చు. లేదా "అయ్యో అమ్మా, అది ఇంకా ఉందా" అని నవ్వొచ్చు. ఇన్నేళ్లలో వాడు ఎన్ని అద్దె ఇళ్లు మారాడో, ఎన్ని గోడలు చూశాడో. చెప్పకుండా తీసేసి, పండక్కి వచ్చినప్పుడు వాడే చూస్తే మాత్రం, నొప్పి పేపరు పోయినందుకు కాదు, తనకి చెప్పనందుకు. ఫాల్గుణంలో రంగు ఏది వేయాలో వాణ్నే ఎంచమనాలనుకుంటే అనండి. నలుపు అంటే ఏం చేస్తారో ముందే ఆలోచించుకుని అడగండి.

ఇవన్నీ తర్వాత. ఈ రోజు చేయగలిగింది ఒకటుంది. మీరు ఊడదీసిన చోట, బూజు లేని పైభాగాన, గోడ కాస్త గట్టిగా ఉన్న జాగా చూసి పొడి బ్రష్‌తో దులపండి. రెండడుగుల పొడవూ వెడల్పూ ఉన్న, మందపాటి పాలిథిన్ కవరు పరిచి నాలుగంచులూ గాలి దూరకుండా టేపు వేయండి. రెండు రోజులాగి తీసి చూడండి. గోడ వైపు నీటి బొట్లుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు ఉంటే ఆ గదికి గాలి చాలడం లేదు. సెల్లో టేపు వద్దు, చెమ్మకి ఊడిపోతుంది. పార్సిళ్లకి వేసే వెడల్పాటి గోధుమరంగు టేపు తెప్పించండి. ఏ వైపు బొట్లున్నాయో నాకు రాయండి.